మౌస్ బాణానికి పగ్గం

పోయిన నెల ప్రింటర్‌తో కుస్తీ పట్టాం. ఈ నెల దానికంటే చిన్నది, కానీ రోజూ విసిగించేది ఒకటి చూద్దాం. అదే మౌస్. ముఖ్యంగా తెర మీద తిరిగే ఆ బాణం గుర్తు. దాన్నే పాయింటర్ అంటారు, కొందరు కర్సర్ అంటారు. అది మన చెయ్యి కదిలినంత కదలకుండా ఒకసారి పరుగెత్తడం, ఒకసారి మొరాయించడం.

ఎండలు మొదలయ్యాయంటే మన ఇళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. మొదటి వారం సూట్‌కేసులు విప్పడంతో, ఆవకాయ జాడీలు సర్దడంతో గడిచిపోతుంది. తర్వాత పిల్లలు బడికి, పెద్దవాళ్ళు ఆఫీసుకి వెళ్ళిపోతారు. కారు నడపలేని ఊళ్ళో వాళ్ళకి మిగిలేది టీవీ, ఫోను, మూలనున్న డెస్క్‌టాప్. ఫోనులో అక్షరాలు చిన్నవి కాబట్టి పేపరు చదవడానికి, ప్రవచనం వినడానికి పెద్ద తెరే హాయి. అక్కడ కూర్చున్నాక బాణం మాట వినకపోతే చాలామంది "ఈ వయసులో మాకెందుకులే" అని లేచిపోతారు. ఈ నెల వ్యాసం ఆ ఒక్క మాట గురించే. అది వయసు సంగతి కాదు, చాలాసార్లు ఒక అంకె సంగతి.

మౌస్ లెక్క ఏమిటి?

ఇప్పటి మౌస్ కింద ఒక చిన్న దీపం, ఒక బుల్లి కెమెరా ఉంటాయి. ఆ కెమెరా కింద ఉన్న బల్లని సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీస్తుంది. ఒక ఫొటోకి, తర్వాతి ఫొటోకి మధ్య బల్ల మీది గరుకు ఎంత జరిగిందో చూసి, మౌస్ ఎటు ఎంత కదిలిందో లెక్క కడుతుంది. ఒక అంగుళం కదిలితే ఎన్ని అడుగులు లెక్కపెడుతుందో చెప్పే అంకెనే డీపీఐ అంటారు. మౌస్ పెట్టె మీద 800, 1600, 3200 అని రాసి ఉండేది అదే.

విండోస్‌లో వేగం మధ్యస్థంగా ఉండి, ఇంకే సాయమూ కలపకపోతే, మౌస్ లెక్కపెట్టిన ఒక అడుగుకి బాణం తెర మీద ఒక చుక్క జరుగుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర అడ్డంగా 1920 చుక్కలు. 800 డీపీఐ మౌస్‌తో ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలంటే చెయ్యి 2.4 అంగుళాలు కదలాలి. 1600 అయితే 1.2 అంగుళాలు. 3200 అయితే 0.6 అంగుళం, అంటే బొటనవేలి గోరంత దూరం.

వినడానికి సుఖంగానే ఉంది కదా, తక్కువ కదిలితే చాలని. ఇప్పుడు రెండో వైపు చూడండి. కిటికీ మూసే ఇంటూ గుర్తు సుమారు 45 చుక్కల వెడల్పు ఉంటుంది. దాని మీద బాణం ఆపాలంటే 800 డీపీఐలో చేతికి దాదాపు 1.4 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది. 3200లో దొరికేది మిల్లీమీటరులో మూడో వంతు. బీయస్సీ ల్యాబులో స్క్రూ గేజి పట్టుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అందులో మన చేతి పెద్ద తిప్పుడిని మర చిన్న కదలికగా మారుస్తుంది, అందుకే సన్నటి తీగ మందం కూడా కొలవగలిగాం. వేగం ఎక్కువైన మౌస్ సరిగ్గా తిరగేసి పనిచేస్తుంది. మన చిన్న కదలికని పెద్ద గెంతుగా మారుస్తుంది.

మామయ్యగారి చెయ్యి

మేముండేది ఫ్రీమాంట్‌లో. కిందటేడు మా మామయ్యగారు ఆరు నెలలుండటానికి వచ్చారు. గుంటూరులో ఆయనకి పొద్దున్నే కాఫీతో పాటు పేపరు పడాలి. ఇక్కడ ఈ-పేపరు తెరిచి ఇచ్చాం. నాలుగు రోజులు చదివారు, ఐదో రోజు నుంచి ఆ గదిలోకే వెళ్ళడం మానేశారు. అడిగితే, "చెయ్యి స్వాధీనంలో లేదమ్మా. ఒకచోట పెడితే ఇంకోచోటికి పోతోంది. మా నాన్నకీ ఇలాగే మొదలైంది" అన్నారు.

ఆ చివరి మాటకి నాకు కాళ్ళు చల్లబడ్డాయి. వాళ్ళ నాన్నగారు చివరి రోజుల్లో అన్నం ముద్ద నోటికి అందించుకోలేకపోయేవారని మా ఇంట్లో అందరికీ తెలుసు. మామయ్యగారు పేపరు చదవడం ఆపలేదు, లోపల ఇంకేదో లెక్కపెట్టుకుంటున్నారు. కానీ అదే రోజు సాయంత్రం అత్తయ్యగారు పూలు గుచ్చడానికి కూర్చుంటే, సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది ఆయనే. సూది బెజ్జంలోకి దారం పంపగల చెయ్యి ఇంటూ గుర్తు మీద బాణం ఆపలేకపోవడమేమిటి?

మా అబ్బాయి స్కేలు తెచ్చి మౌస్ పక్కన పెట్టి కొలిచాను. అంగుళం కూడా కదలకముందే బాణం తెర దాటేసింది. ఆ మౌస్ మా అబ్బాయి ఆటల కోసం కొనుక్కున్నది. చక్రం వెనక ఉన్న చిన్న బొత్తాం నొక్కిన ప్రతిసారీ దాని డీపీఐ మారుతుంది. రెండుసార్లు నొక్కి తగ్గించి, "మామయ్యగారూ, పాత రేడియోలో విజయవాడ కేంద్రం పట్టుకునేటప్పుడు ముల్లు మెల్లగా జరిగేది కదా. దీన్నీ అలా చేశాను, ఒకసారి చూడండి" అన్నాను. ఆయన బాణాన్ని తీసుకెళ్ళి ఇంటూ గుర్తు మీద నిలబెట్టారు. ఇంకోసారి చేశారు. తర్వాత తన కుడిచేతిని తిప్పి ఒకసారి చూసుకుని, "అయితే ఇది బాగానే ఉందన్నమాట" అన్నారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు కూడా చెయ్యి వణుకుతుంటే అది మౌస్ సంగతి కాదు, డాక్టరుకి చూపించాల్సిందే. మౌస్ దగ్గర మాత్రమే తడబడుతుంటే ముందు మౌస్‌ని అనుమానించండి.

ఒక్కొక్కటిగా, వరుసలో

ల్యాబులో మాకు నేర్పిన మొదటి నియమం, ఒకసారి ఒక్కటే మార్చు, మార్చి చూడు అని. నాలుగు మీటలు ఒకేసారి తిప్పితే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. ఈ వరుసలో వెళ్ళండి.

మొదట మౌస్‌ని తిరగేసి చూడండి. కెమెరా కన్ను దగ్గర వెంట్రుక, దుమ్ము ఉంటే పొడి దూదితో మెల్లగా తుడవండి. తర్వాత బల్ల. గాజు బల్ల, బాగా మెరిసే బల్ల అయితే చాలా మౌస్‌ల కెమెరాకి గరుకు కనిపించదు, బాణం గెంతుతుంది. ప్యాడ్ లేకపోతే పాత క్యాలెండరు కాగితం తిరగేసి వేసినా చాలు. అప్పటికప్పుడు తేడా తెలుస్తుంది.

రెండోది, చక్రం వెనక బొత్తాం. అన్ని మౌస్‌లకీ ఉండదు. ఉంటే, పొరపాటున వేలు తగిలి వేగం మారిపోవడం మామూలే. "నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఏమైందో" అనిపిస్తే ముందు దీన్నే నొక్కి చూడండి.

మూడోది, విండోస్‌లో వేగం. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి, అక్కడి నుంచి మౌస్‌లోకి వెళ్ళండి. మౌస్ పాయింటర్ స్పీడ్ అని ఒక జారుడు గీత ఉంటుంది. 1 నుంచి 20 దాకా వేగం, మొదట 10 మీద ఉంటుంది. పెద్దవాళ్ళ కోసం ఒక్కో మెట్టు తగ్గిస్తూ, ప్రతిసారీ వాళ్ళ చేతే పట్టించి చూడండి. మన చేతికి బాగున్నది వాళ్ళకి బాగుండాలని లేదు. బాణం అసలు అదుపులో లేక అక్కడిదాకా వెళ్ళలేకపోతే మౌస్ వదిలేయండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట, ఐ అక్షరం కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. ట్యాబ్, బాణం మీటలు, ఎంటర్‌తో మిగతా దారి నడవొచ్చు.

నాలుగోది చాలామందికి తెలియనిది. అదే మౌస్ పేజీలో అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ నొక్కితే పాత పద్ధతి కిటికీ ఒకటి వస్తుంది. అందులో పాయింటర్ ఆప్షన్స్ అనే చోట ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని టిక్కు పెట్టి ఉంటుంది. పేరు చూస్తే గురి పెంచేదిలా ఉంది కానీ, అది చేసే పని వేరు. చెయ్యి మెల్లగా కదిలితే బాణం తక్కువ, విసురుగా కదిలితే అదే దూరానికి బాణం ఎక్కువ వెళ్ళేలా చేస్తుంది. అలవాటున్నవాళ్ళకి ఇది సాయమే. కొత్తవాళ్ళు భయంతో మౌస్‌ని ఒక్క కుదుపు కుదుపుతారు, బాణం ఎక్కడికో పోతుంది. ఇందాక ఇంత జరిపితే అంత వెళ్ళింది, ఇప్పుడెందుకు ఇంత దూరం పోయింది అని అర్థం కాదు. ఆ టిక్కు తీసేస్తే చేతికీ బాణానికీ లెక్క ఎప్పుడూ ఒకటే. నేర్చుకునే వాళ్ళకి అదే ముఖ్యం. టిక్కు తీశాక వేగం మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి.

ఆపిల్ కంప్యూటరు ఉన్నవాళ్ళు సిస్టమ్ సెట్టింగ్స్‌లో మౌస్‌లోకి వెళితే ట్రాకింగ్ స్పీడ్ ఉంటుంది. కొత్త వెర్షన్లలో అడ్వాన్స్‌డ్ నొక్కితే పాయింటర్ యాక్సిలరేషన్ ఆపే మీట కూడా ఉంది.

పరుగు కాదు, కుంటి నడక అయితే

బాణం ఆగి ఆగి కదులుతుంటే అది వేగం అంకెతో పోదు. తీగ లేని మౌస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత ఆ చిన్న రిసీవర్ ఎక్కడ గుచ్చారో చూడండి. ఇలాంటి మౌస్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాట్లాడతాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, తీగలు అదే బ్యాండ్‌లో రొద చేయగలవని ఇంటెల్ 2012లో ఒక పత్రంలో వివరించింది. కాబట్టి డబ్బా వెనక, హార్డ్ డ్రైవు పక్కన రిసీవర్ గుచ్చితే మౌస్ మాట దానికి సరిగ్గా వినపడదు. ముందు వైపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదకి తెచ్చుకోండి.

డెస్క్‌టాప్‌ని టీవీకి కలిపి వాడే ఇళ్ళు కూడా చాలా ఉన్నాయి. అక్కడ చెయ్యి ఆగాక బాణం ఆగుతుంది. బొమ్మని అందంగా చూపించడానికి టీవీ చేసే పనివల్ల వచ్చే ఆలస్యమిది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

ఒక కంప్యూటరు, నాలుగు చేతులు

మామయ్యగారికి సరిచేసిన మర్నాడే మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. "అమ్మా, నా మౌస్ ఎవరు పాడుచేశారు?" అని మా అబ్బాయి. వాడికి తగ్గట్టు మారిస్తే ఆయనకి పనికిరాదు, ఆయనకి తగ్గట్టు మారిస్తే వీడు ఓడిపోతాడు. మధ్యలో మావారికి ఇంకో అంకె.

దీనికి మంచి ఉపాయం ఉంది. విండోస్‌లో వేగం అంకె, ఆ టిక్కు కంప్యూటరుకి కాక ఒక్కొక్కరి అకౌంటుకి అంటుకుని ఉంటాయి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్ళి తాతగారి పేరుతో విడిగా ఒకటి తెరిస్తే, ఆయన లాగిన్ అయినప్పుడు ఆయన వేగం, మనవడు లాగిన్ అయినప్పుడు వాడి వేగం. కానీ డీపీఐ అలా కాదు, అది మౌస్‌లోనే ఉంటుంది, ఎవరు కూర్చున్నా అదే. అందుకని పెద్దవాళ్ళకి బొత్తాలు ఎక్కువ లేని మామూలు తీగ మౌస్ ఒకటి విడిగా కొనిపెట్టండి. రెండు మౌస్‌లు ఒకేసారి గుచ్చి ఉంచినా ఇబ్బంది లేదు. మా ఇంట్లో యుద్ధం దానితో ముగిసింది.

విడి అకౌంటుతో ఇంకో లాభం కూడా ఉంది. అక్షరాలు పెద్దవి చేసినా, బాణాన్ని పసుపు రంగులో పెద్దగా పెట్టినా ఇంకెవరూ గొణగరు.

గురిని పెద్దది చేయండి

వేగం తగ్గించడం సగం పనే. పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చేతి కదలికల మీద ఒక సూత్రం చెప్పారు. ఒక గురిని చేరడానికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. క్యారమ్స్ ఆడినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి గురినే పెద్దది చేస్తే చెయ్యి కష్టం తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, స్కేల్ దగ్గర 100 ఉన్నది 125 లేదా 150 చేయండి. అక్షరాలతో పాటు నొక్కాల్సిన గుర్తులు కూడా పెరుగుతాయి. బాణం పరిమాణం, రంగు మార్చాలంటే యాక్సెసిబిలిటీలో మౌస్ పాయింటర్ అండ్ టచ్.

పెద్దవాళ్ళకి ఇంకో గండం డబుల్ క్లిక్. రెండు నొక్కుల మధ్య మౌస్ కాస్త జరిగినా, ఆలస్యమైనా పని జరగదు. ఇందాకటి పాత కిటికీలో బటన్స్ అనే చోట డబుల్ క్లిక్ స్పీడ్ తగ్గించవచ్చు. ఇంకా తేలిక, ఒక్కసారి నొక్కి, కీబోర్డు మీద ఎంటర్ కొట్టమనండి. సాధనకి పేకాటని మించింది లేదు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ ఎంతమందికి తెలియకుండానే ముక్కని పట్టుకుని లాగి వదలడం నేర్పిందో! డబ్బు పోని పేకాట కాబట్టి అత్తయ్యగారు కూడా అభ్యంతరం చెప్పలేదు.

మా ఇంటి నుంచి డంబార్టన్ వంతెన దాటితే మెన్లో పార్క్ వస్తుంది. మొదటి మౌస్ పుట్టింది అక్కడే, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చారు. చెక్క డొప్ప, కింద అడ్డానికొకటి, నిలువుకొకటి రెండు చక్రాలు, పైన ఒక్క బొత్తాం. వాళ్ళు దాన్నే గొప్పదనుకుని ఊరుకోలేదు. లైట్ పెన్, జాయ్‌స్టిక్, చివరికి మోకాలితో నడిపేది కూడా మనుషుల చేత వాడించి, ఎవరు ఎంత త్వరగా, ఎన్ని తప్పులతో గురి చేరుతున్నారో కొలిచారు. అలవాటైన చేతుల్లో మౌస్ నెగ్గింది. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో నిండు సభలో చూపించారు. నాకు ఇందులో నచ్చేది ఒకటే. వాళ్ళు పరీక్ష పెట్టింది పరికరానికి, మనిషికి కాదు.

ఫోను నంబరు కనిపిస్తే

చివరగా డబ్బుకి సంబంధించిన మాట. మౌస్ పనిచేయడం లేదని ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే, "మీ కంప్యూటరులో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకి ఫోను చేయండి" అని తెర నిండా ఎర్ర అక్షరాలు రావచ్చు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదని ఆ సంస్థే చెబుతోంది. ఫోను చేస్తే అవతలివాళ్ళు మీ కంప్యూటరు లోపలికి రానిమ్మంటారు, తర్వాత గిఫ్ట్ కార్డులు కొనమంటారు. ఇంట్లో పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పి ఉంచండి. అలాంటిది వస్తే కంప్యూటరు ఆపేసి, సాయంత్రం మనం వచ్చేదాకా ఆగమనండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే బ్యాంకుకి చెప్పి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

ఈ శనివారం పది నిమిషాలు కేటాయించండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, మౌస్ వాళ్ళ చేతిలోనే ఉంచి, వేగం ఒక్కో మెట్టు మార్చండి. కుదిరిన అంకె, స్కేల్ ఎంతో ఒక చీటీ మీద రాసి వాళ్ళ పాస్‌పోర్టు సంచిలో పెట్టండి. తిరిగి వెళ్ళాక అక్కడి కంప్యూటరులో కూడా అదే అంకెతో మొదలుపెట్టొచ్చు. మౌస్ వేరు కాబట్టి కాస్త అటూ ఇటూ సరిచూసుకోవాలి, అంతే.

వచ్చే నెల, వీడియో కాల్‌లో మన మాట అవతలివాళ్ళకి రెండుసార్లు వినిపించడం ఎందుకో, దాన్ని ఎలా ఆపాలో చూద్దాం. అందాకా సెలవు.